లిబియాలో నేను చనిపోయిన సంగతి

తోరణగల్లు ఉక్కు ఫ్యాక్టరీకి పోయే కంపెనీ బస్సులో కిటికీ పక్కన సీటు దొరికిన రోజున నాకు ఆ కాలం గుర్తొస్తుంది. మనం పంపిన మాట అవతలివాడు చూశాడో లేదో, చూసి ఊరుకున్నాడో కూడా చేతిలోని ఫోనే చెప్పేసే కాలం కాదది. సముద్రం అవతల ఉన్నవాడికి మాట చేరితే చేరినట్టు, లేకపోతే లేదు. మధ్యలో ఆగిపోయిన మాటలు ఎక్కడికి పోయి ఉండేవో నాకిప్పటికీ తెలియదు. అలా ఆగిపోయిన ఒక మాట వల్ల నేను నా పదమూడో ఏట పదిహేను రోజులపాటు చనిపోయి ఉన్నాను. బళ్లారిలో కాదు. బళ్లారిలో నేను మూడు పూటలా భోంచేస్తూ, బడికి పోతూ, లెక్కల్లో తక్కువ మార్కులు తెచ్చుకుంటూ బాగానే ఉన్నాను. లిబియాలో మాత్రం చనిపోయాను. (ఈ ముక్క చెబితే ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లు నా ముఖం ఒకసారి, నా మెడలోని కార్డు ఒకసారి చూస్తారు.)

మా ఇల్లు బళ్లారి ఊరు అయిపోయి సంగనకల్లు గుట్టలు కనబడటం మొదలయ్యే చోట ఉండేది. నాయన జీన్సు ప్యాంట్లు కుట్టే షెడ్డులో కటింగ్ మాస్టరు. అమ్మ ఇంట్లోనే కూర్చుని ఆ ప్యాంట్లకు గుండీలు వేసేది. వీళ్లిద్దరి మీదా, ఇంటి మీదా, ఇంటి మీదుగా ఎగిరే పక్షుల మీదా కూడా పెత్తనం అవ్వది. అవ్వంటే నాయన తల్లి. ఆమె చిన్న కొడుకు మా చిన్నాయన. పెళ్లి కాలేదు, పైపులు అతికించే వెల్డరు. నాకు సైకిలు నేర్పింది ఆయనే, నా లెక్కల పేపరు మీద నాయన సంతకాన్ని నాయన కంటే అందంగా పెట్టింది కూడా ఆయనే. చిన్నప్పుడు నేను కాస్త గుండ్రంగా ఉండేదాన్ని కాబట్టి నన్ను 'గుండ్రాయి' అనేవాడు. ఆ పేరుతో ఇంకెవరైనా పిలిస్తే కొట్టడానికి పోయేదాన్ని. నాకు పదకొండేళ్లప్పుడు, ఎక్కడో ఎడారిలో నీళ్ల పైపులు వేస్తున్నారని, ఆయన లిబియా పోయాడు.

శుక్రవారం ఆయనకు సెలవు. శుక్రవారం మధ్యాహ్నం మా ఇంట్లో ఫోన్ మోగేది. నాయన దాన్ని స్పీకర్లో పెట్టి బియ్యం డబ్బా మీద నిలబెడితే అందరం చుట్టూ కూర్చునేవాళ్లం. అక్కడ రొట్టెలు ఇటికల మాదిరి పేర్చి అమ్ముతారని, టీ చిన్న గ్లాసుల్లో నురగ వచ్చేదాకా ఎత్తి ఎత్తి పోస్తారని, అందులో వేరుసెనగ విత్తనాలు వేసుకుంటారని చెప్పేవాడు. అంగళ్ల తలుపులన్నీ ఆకుపచ్చ రంగేనట. ఆ దేశపు పెద్దాయన బొమ్మ గోడ మీదా, గడియారం లోపలా, ఆఖరికి క్షౌరశాల అద్దం పైనా ఉంటుందట. "ఎవురూ ఆయప్ప పేరు గట్టిగ చెప్పరు మా, మెల్లిగ కూడ చెప్పరు" అనేవాడు అవ్వతో. నేను అట్లాసు తెరిచి ఆ పసుపుపచ్చ దేశం మీద వేలు పెట్టి వినేదాన్ని. వినగా వినగా ఆ దేశం నాకు మా మిద్దె మీద నుంచి గుట్టల వెనకాల ఎక్కడో కనబడుతున్నట్టే ఉండేది. సాయంత్రం ఎండ ఆ రాళ్ల మీద పసుపుగా పడినప్పుడు, ఆ గుట్ట దిగితే లిబియా వచ్చేస్తుందనీ, అక్కడ చిన్నాయన మొహానికి వెల్డింగు డాలు అడ్డం పెట్టుకుని నిలబడి ఉంటాడనీ అనుకునేదాన్ని.

ఇక నా చావుకు మూలకారణం సండిగలు. శివరాత్రి దగ్గరికొచ్చి ఎండ ముదురుతుండగా అవ్వ బియ్యప్పిండి ఉడికించి, జీలకర్ర, పచ్చిమిరపకాయ నూరి కలిపి, షెడ్డు నుంచి నాయన తెచ్చిన మోటు జీన్సు గుడ్డ మీద సాళ్లు సాళ్లుగా సండిగలు పెట్టేది. (మీరు వడియాలంటారేమో, మాకు కన్నడం వాళ్ల సావాసంతో సండిగలే అయ్యాయి.) వాటికి కాపలా నేను. సండిగలు పూర్తిగా ఎండితే నూనెలో వేయించుకుని అందరూ తింటారు. సగం ఎండినప్పుడు, పైన పెళుసుగా, కింద మెత్తగా, ఉప్పగా ఉన్నప్పుడు ఎలా ఉంటాయో కాపలా ఉన్నవాళ్లకే తెలుస్తుంది. ఆ రోజు ఒకటి తిన్నాను. అది పోయిన చోట ఖాళీ కనబడుతోందని దాని పక్కది తిన్నాను. అలా ఖాళీని సర్దుతూ సర్దుతూ ఒక సాలు మొత్తం అయిపోయింది. మూతి తుడుచుకునేలోపల అవ్వ మిద్దెమెట్లు ఎక్కి వచ్చింది.

"ఈ సాలు యాడికి పాయ మ్యా?"

"కాకులు తినె అవ్వా."

"కాకులు తింటాంటే నువ్వేం జేస్తాంటివి ఈడ? సుమ్నె ఊర్కె కూకోని సూస్తాంటివా?"

అక్కడితో ఆగి ఉంటే రెండు తిట్లతో పోయేది. కానీ నాకు కథ పూర్తిగా చెప్పే గుణం చిన్నప్పటి నుంచీ ఉంది. "తోల్తాంటే నా మీదికే వచ్చె అవ్వా. తల మీద తన్నె" అన్నాను. జాలిపడి ఇంకో రెండు సండిగలు చేతిలో పెడుతుందేమోనని కూడా ఒక మూల ఆశ.

అవ్వ ముఖంలో కోపం ఉన్నట్టుండి పోయింది. దాని స్థానంలో వచ్చింది భయమని నాకు తర్వాత తెలిసింది. కాకి శనిదేవుడి వాహనం. అది తల మీద తన్నిందంటే ఆ మనిషికి పెద్ద గండం వస్తుందని మా వైపు నమ్మకం. దానికి విరుగుడు కూడా మావాళ్లే కనిపెట్టి పెట్టారు. మొదట కట్టుబట్టలతో తలస్నానం. తర్వాత ఆంజనేయస్వామి దగ్గర నువ్వులనూనె దీపం. అన్నింటికంటే ముఖ్యమైనది, ఆ మనిషి పోయిందని దూరాన ఉన్న దగ్గరి చుట్టానికి కబురు పంపడం. ఆ చుట్టం నమ్మి, నిజంగా ఏడవాలి. కన్నీరు కింద పడిందంటే చావు జరిగిపోయిందని శని లెక్కకట్టి పోతాడు. ఆ తర్వాత తీరిగ్గా ఫోన్ చేసి, ఏమీ లేదు, కాకి తన్నింది, అంతే అని చెప్పాలి. చెప్పేటప్పుడు మాత్రం ఏ నోటితో చంపారో ఆ నోటితోనే బతికించాలని అవ్వ నియమం. (ఇన్ని షరతులు మా ఆఫీసు సేఫ్టీ పుస్తకంలో కూడా లేవు.)

చిక్కల్లా ఏడ్చేవాళ్లు దొరకడంలోనే. అంతకుముందు ఏడు నాయనను నిజంగానే కాకి తన్నితే ఆదోనిలో ఉన్న మేనత్తకు కబురు చేశారు. ఆమె అంతా విని, "కాకి ఎప్పుడు తన్నె మా?" అని అడిగింది. గుంతకల్లు పెద్దమ్మ అయితే ఫోన్ పెట్టేసి నిద్రపోయింది. అందరూ ఆరితేరిపోయారు. అందుకని అవ్వ ఆ శుక్రవారం మధ్యాహ్నం, నా తల నుంచి ఇంకా నీళ్లు కారుతుండగా, లిబియాకు చెబుదామని తీర్పు ఇచ్చింది.

అమ్మ ఎప్పుడూ అవ్వకు ఎదురు చెప్పేది కాదు. ఆ రోజు చెప్పింది. "వద్దత్తా. ఆ అబ్బి ఆడ ఒక్కడే ఉండాడు. పట్టుకోని ఓదార్చేకి కూడ ఎవురూ లేరు."

"ఒక గంట ఏడుస్తాడు. పాప నూరేండ్లు ఉంటాది. ఏది ఎక్కువ, నువ్వే చెప్పు" అంది అవ్వ.

అమ్మ మళ్లీ గుండీల పని చేతికి తీసుకుంది. నాయన ఫోన్ తెచ్చి బియ్యం డబ్బా మీద నిలబెట్టాడు. ఆపగలిగినదాన్ని నేనొక్కదాన్నే. కాకి లేదు, ఏమీ లేదు, తిన్నది నేనే అంటే సరిపోయేది. ఎన్నిసార్లు ఆ మాట గొంతుదాకా వచ్చిందో. ఒక సాలు సండిగలకు పడే దెబ్బల్ని తలుచుకుని మింగేశాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. ఆనాడు మాత్రం పెద్దవాళ్ల తెలివి మీద నాకు గొప్ప నమ్మకం, ఒక గంటలో సర్దేస్తారులే అనుకున్నాను.

ఫోన్ మోగింది. అవ్వ తీసింది. "మన పాప పాయప్పా" అంది. అంతే, ఇంకేమీ అనలేదు. నేను నాటకం చూడబోతున్నానని ముందు వరుసలో కూర్చున్నాను గానీ, ఆ మాట అన్నాక అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిజంగానే ఏడ్చేసింది. అవతల నుంచి ఒక శబ్దం వచ్చింది. మా చిన్నాయన నవ్వడం, పాడటం, ఈల వేయడం, నాయనతో కొట్లాడటం అన్నీ విన్నాను. ఆ శబ్దం ఎప్పుడూ వినలేదు. అమ్మ లేచి వంటింట్లోకి పోయింది. నాయన గోడ వైపు తిరిగాడు. అవ్వ ఫోన్ కట్ చేసి కళ్లు తుడుచుకుంటూ, "ఇంత సాలు. దోషం పాయ" అంది. నేను బతికుండి నా కోసం ఒక మనిషి ఏడవడం విన్నాను. ఆ వయసులో దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక పోయి మంచం కింద కూర్చున్నాను.

దీపం పెట్టి వచ్చి, గంట తర్వాత, బతికించడానికి అవ్వ ఫోన్ పట్టుకుని కూర్చుంది. నాయన నంబరు కొట్టాడు. ఎవరో ఆడమనిషి అరబ్బీలో ఏదో చెప్పి పెట్టేసింది. మళ్లీ కొడితే మళ్లీ ఆమే. మూడోసారి ఆమె కూడా లేదు. సాయంత్రం టీవీ పెడితే కన్నడ వార్తల్లో లిబియా కనబడింది. వీధుల నిండా జనం, టైర్ల పొగ. పచ్చరంగు తలుపుల ముందు కుర్రాళ్లు పరిగెత్తుతున్నారు. ఫోన్లూ, ఇంటర్నెట్టూ అన్నీ ఆపేశారని చెప్పారు. నాయన టీవీ వైపు, అవ్వ ఫోన్ వైపు, అమ్మ నా వైపు చూశారు. నేను ఎవరి వైపూ చూడలేదు.

ఆ పదిహేను రోజుల్లో లిబియా రాజకీయాలను మా అవ్వ చదివినంతగా బళ్లారి జిల్లాలో ఎవరూ చదివి ఉండరు. పంచాయితీ ఎన్నికల్లో ఎవరు నిలబడ్డారో కూడా పట్టించుకోని మనిషి, పొద్దున్నే ముఖం కడుక్కోకుండా టీవీ ముందు కూర్చునేది. గొడుగు పట్టుకుని బండిలో నుంచి తొంగిచూసిన ఆ పెద్దాయనను చూసి, "వానే లేదు గదా, గొడుగెందుకప్పా ఈనికి" అంది. వీధిలోవాళ్లకు అదంతా మన బళ్లారి ఇనుప గనుల సంగతి మాదిరే వినబడేది. భూమిలోని నూనె ఎవరి చేతిలో ఉంటే మాట వాళ్లదేనని, కుర్చీ నలభై ఏళ్లు కూర్చుంటే ఒంటికి అతుక్కుపోతుందని టీ అంగడి దగ్గర తేల్చేశారు. అవ్వకు అవేవీ అక్కర్లేదు.

"ఈయప్ప కుర్చీ దిగితే ఫోన్లు ఇస్తారా?" అని నాయనను అడిగేది.

"దిగనంటాండాడు మా."

"దిగకపోతే ఇస్తారా?"

"ఇయ్యరంట."

"మరి ఏం జేస్తే ఇస్తారో అది చెప్పరేందప్పా వీళ్లు."

ఆ ప్రశ్నకు ఏ చానల్లోనూ జవాబు రాలేదు. తిరుగుబాటు చేసే కుర్రాళ్లు గెలవాలని నేను సోమవారం మొక్కుకునేదాన్ని. పెద్దాయన గెలిచేస్తే గొడవ తొందరగా అయిపోతుందేమోనని మంగళవారం మొక్కుకునేదాన్ని. ఎవరు గెలిచినా సరే, నేను బతికితే చాలు.

బొంబాయిలో చిన్నాయనను పంపిన ఏజెంటు ఒకాయన ఉండేవాడు. నాయన మాట్లాడతానంటే అవ్వ ఒప్పుకోలేదు, తన నోరే కావాలి. బళ్లారి సంతలో నేర్చుకున్న తురకమాటలన్నీ కూడగట్టుకుని, "మేరీ పోతీ మరీ నై, జిందా హై, ఝూట్ బోలీ మై, మేరే బేటే కో బోలో" అంది ఏడుస్తూ, మనవరాలు పోలేదు, బతికే ఉంది, అబద్ధం చెప్పాను, నా కొడుక్కి చెప్పండి అని. ఏజెంటు పాపం మంచివాడు. ఏడుపు విని, సగం విని, మీ మనవరాలికి ఇలా జరిగినందుకు మాకు చాలా బాధగా ఉందని, ధైర్యంగా ఉండమని ఓదార్చి పెట్టేశాడు. అలా నేను బొంబాయిలో కూడా చనిపోయాను.

తర్వాత నాయన కలెక్టరాఫీసుకు పోయాడు. లిబియాలో చిక్కుకున్నవాళ్ల పేర్లు రాసుకుంటున్నారంటే నన్నూ వెంటబెట్టుకుపోయాడు, సాక్ష్యంగా. గుమాస్తా కన్నడంలో అన్నీ రాసుకుని, ఇంకేమైనా చెప్పాలా అని అడిగాడు. నాయన నా భుజం పట్టుకుని ముందుకు తోసి, "ఈ పాప బతికే ఉండాదని మా తమ్మునికి చెప్పల్ల సార్" అన్నాడు. గుమాస్తా నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. "అప్పా, లిబియాలో ఉండేవాళ్లు బతికుండారా లేదా అని రాసేకి గడి ఉండాది గానీ, ఈడుండేవాళ్లు బతికుండారని రాసేకి యాడా లేదు" అన్నాడు. అయినా పెద్దమనసు చేసుకుని కాగితం అంచున చిన్నగా రాశాడు. ఆ అంచు ఎంతదూరం పోయిందో మాకు తెలియదు.

ఇంట్లో నా మర్యాద మాత్రం పెరిగిపోయింది. నన్ను ఎవరూ కోప్పడేవాళ్లు కాదు. అడగకుండానే బెల్లం పెట్టేవాళ్లు. నేను మిద్దె మీద గోడకు ఆనుకుని కూర్చుని, గుట్టల మీద ఎండ రంగు మారడం చూస్తూ, లిబియాలో ఉన్న నా చావును గురించి ఆలోచించేదాన్ని. అక్కడ నేను ఎలా పోయి ఉంటాను? అవ్వ ఏ జబ్బో చెప్పలేదు. జ్వరం వచ్చిందనుకుంటాడా, బస్సు గుద్దిందనుకుంటాడా? ఎడారిలో ఆయన నడుస్తుంటే ఆయన వెనకాలే, ఆయనకు కనబడకుండా, ఇసుకలో అడుగులు పడకుండా నేను నడుస్తున్నట్టు ఉండేది. ఆ నేను చాలా మంచి పిల్ల. సండిగలు తినదు, అబద్ధం ఆడదు, లెక్కల్లో మంచి మార్కులు తెచ్చుకుంటుంది. చనిపోయినవాళ్లంతా అలాగే అయిపోతారు కదా. చిన్నాయన ఆ మంచిపిల్ల కోసం ఏడుస్తున్నాడనీ, ఇక్కడున్న ఈ పిల్లను చూస్తే చెంప పగలగొడతాడనీ నాకు రోజురోజుకూ నమ్మకం గట్టిపడింది. ఒకరోజు తెగించి వంటింట్లోకి పోయి, "అమ్మా, ఆ కాకి ఉందే..." అని మొదలుపెట్టాను. "కాకి మాటెత్తితే అట్లకాడ కాల్చి పెడ్తా" అంది అమ్మ. ఒప్పుకోవడానికి కూడా యోగం ఉండాలి.

చివరికి కలెక్టరాఫీసు నుంచే ఫోన్ వచ్చింది. ఓడ ఎక్కినవాళ్లలో చిన్నాయన పేరుంది. మూడో రోజు, ఓడ దిగి విమానంలో ఢిల్లీ చేరినవాళ్లలోనూ ఉంది. అవ్వ దేవుడి ముందు కూలబడి ఏడ్చింది. ఏడుపు అయ్యాక అందరికీ ఒకేసారి ఒక విషయం తట్టింది. బతికి వస్తున్నవాడికి, బతికే ఉన్న నన్ను ఎలా చూపించడం? ఢిల్లీలో దిగినవాడు ఇంటికి ఎందుకు ఫోన్ చేయలేదో ఎవరికీ అర్థం కాలేదు. ఆయన గుండె ఆగిపోతుందని అమ్మ భయం. భోజనమయ్యేదాకా నన్ను పక్కింట్లో పెట్టాలంది. రైలు దిగగానే చెప్పేస్తానని అవ్వ పట్టుబట్టింది. ఢిల్లీ రైలు దిగి గుంతకల్లు నుంచి ప్యాసింజరులో వస్తాడని లెక్కకట్టి, శనివారం పొద్దున్నే నాయన, అవ్వ బళ్లారి స్టేషనుకు పోయి కూర్చున్నారు. ఆయన ప్యాసింజరు కోసం ఆగలేదు. గుంతకల్లులో మిరపకాయల లారీ పట్టుకుని మా దారిలోనే దిగిపోయాడు.

అమ్మ పాలకు పోయింది. శనివారం కాబట్టి నేను తెల్ల యూనిఫారం వేసుకుని ఉన్నాను. తలస్నానం చేసి జుట్టు విరబోసుకుని వాకిట్లో ఎండలో నిలబడి ఉన్నాను. (దయ్యం వేషానికి ఇంతకంటే ఏం కావాలి?) గేటు చప్పుడైతే తిరిగి చూశాను. చిన్నాయన. గడ్డం పెరిగి, చిక్కిపోయి, ఎవరిదో పెద్ద కోటు తొడుక్కుని ఉన్నాడు. నా ముఖం వైపు కాదు, నా పాదాల వైపు చూశాడు. చాలాసేపు చూశాడు.

"ముందుకే ఉండాయి" అన్నాడు తనలో తాను. దయ్యాల పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయని నాకు చెప్పింది ఆయనే.

మెట్టు మీద కూర్చుని నీళ్లు అడిగాడు. తెచ్చి ఇచ్చాను. చెంబు అందుకుంటూ, నా వేళ్లు గట్టిగా పట్టుకుని, "కాకేనా?" అన్నాడు.

ఇంక దాచడం నా వల్ల కాలేదు. "కాకి కూడ కాదు చిన్నాయనా. సండిగలు తినింది నేనే. తంతారని కాకి తన్నిందని చెప్తి."

ఆయన నీళ్లు మొత్తం తాగాడు. చెంబు కింద పెట్టాడు. నేను చెంప చూపించి నిలబడ్డాను.

"ఎన్ని తింటివి?"

"ఒక సాలు."

నవ్వడం మొదలుపెట్టాడు. ఒక సాలా, ఒక సాలా అంటూ నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ ఎక్కడో అది మారి, ఆ రోజు ఫోన్లో విన్న శబ్దమైంది. నా తలను తన కోటుకు అదుముకున్నాడు. ఆ కోటు నుంచి డీజిలు, ఉప్పు, గొర్రెల వాసన వచ్చింది. పాల చెంబుతో వచ్చిన అమ్మ గేటు దగ్గరే నిలబడిపోయింది. మధ్యాహ్నం స్టేషను నుంచి నాయనతో వచ్చిన అవ్వ, నేను చిన్నాయన పక్కనే కూర్చుని ఆయన కంచంలోంచి తింటుండగా, ఎదురుగా నిలబడి చేతులు జోడించి, "పాప బతికే ఉండాదప్పా" అని చెప్పి తన పని పూర్తిచేసింది. "అట్లనా మా" అన్నాడు చిన్నాయన, ముద్ద నాకు అందిస్తూ.

ఆయన కథ కొంచెం కొంచెంగా, చాలా రోజులకు తెలిసింది. ఫోన్ కట్టయ్యాక రెండు రోజులు లేవలేదట. ఆ క్యాంపులో బండి నడిపే ముసలాయన ఒకడు, అక్కడివాడే, ఏమైందని అడిగాడట. చిన్నాయన చేతిని నేల నుంచి నా ఎత్తుకు పెట్టి చూపించి, ఆకాశం వైపు చూపించాడు. ముసలాయనకు అంతకంటే భాష అక్కర్లేకపోయింది. ఈలోగా క్యాంపు చెదిరిపోయింది. పెద్ద దొరలు ముందే పోయారు, తుపాకులు పట్టుకున్న కుర్రాళ్లు వచ్చి బండ్లన్నీ తీసుకుపోయారు. ముసలాయన మాత్రం ఒక పాత పికప్పును తన తమ్ముడి గొర్రెల దొడ్డిలో గడ్డి కింద దాచాడట. బిడ్డ పోయినవాడు ముందు ఇంటికి చేరాలని, చిన్నాయననూ ఇంకో నలుగురినీ ఎక్కించుకుని, తన కోటు విప్పి చిన్నాయనకు తొడిగి, రేవుకు బయలుదేరాడు. దారి పొడవునా తుపాకులే. ఒక చోట పెద్దాయన పచ్చజెండా, పది మైళ్లు పోతే తిరుగుబాటువాళ్ల మూడు రంగుల జెండా, మళ్లీ పచ్చజెండా. ప్రతి చోటా ముసలాయన బండి దిగి ఒకటే మాట చెప్పేవాడట, ఈయన బిడ్డ పోయింది, ఇంటికి పోతున్నాడు అని. పచ్చజెండా కుర్రాళ్లూ గుండె మీద చేయి పెట్టుకుని దారి ఇచ్చారు, మూడు రంగుల కుర్రాళ్లూ గుండె మీద చేయి పెట్టుకుని దారి ఇచ్చారు. "అంత కొట్లాటలో ఆ రెండు పార్టీలోల్లు ఒప్పుకునింది ఒకటే పాపా, నువ్వు చచ్చిపోయినావని" అనేవాడు చిన్నాయన.

ఓడలో ఆయన పక్కన మా జిల్లాలోని బండ్రి నుంచి పోయిన ఒక మేస్త్రీ ఉన్నాడు. ఇతని కథ విని, పాపకు ఏం రోగమని అడిగాడట. తెలియదన్నాడు. రోగం పేరు చెప్పకుండా చావు మాత్రం చెప్పారంటే, మీ ఇంట్లో కాకి గానీ తన్నిందేమో చూడప్పా అన్నాడట. అప్పటి నుంచీ చిన్నాయనకు నిద్ర లేదు. ఢిల్లీలో దిగితే ఇంటికి ఊరికే ఫోన్ చేసుకోమని బల్ల వేసి ఫోన్లు పెట్టారట. వరుసలో నిలబడి, తన వంతు వచ్చాక పక్కకు తప్పుకున్నాడు. ఎందుకు చేయలేదని నేనొకసారి అడిగాను. "చేస్తే ఏదో ఒకటి తెలిసిపోతాది గదా" అన్నాడు. "చెయ్యకుంటే నువ్వు సగమైనా ఉంటివి."

అవ్వ ఇప్పుడు లేదు. చిన్నాయన తోరణగల్లులో సొంతంగా వెల్డింగు షెడ్డు పెట్టుకున్నాడు, మళ్లీ సముద్రం దాటలేదు. నా లోపల మిగిలిపోయింది ఒకటే. రేవు దగ్గర విడిచిపెట్టేటప్పుడు ఆ ముసలాయన నా పేరు అడిగాడట, వయసు అడిగాడట. పేరు నాలుగైదుసార్లు పలికి నేర్చుకున్నాడు. తన నమాజులో రోజూ నా కోసం అడుగుతానని చెప్పి, చిన్నాయన భుజం మీద తల పెట్టుకుని ఏడ్చాడు. దేశం సద్దుమణిగాక చిన్నాయన ఆయన నంబరుకు ఎన్నిసార్లు చేశాడో లెక్కలేదు, ఒక్కసారీ మోగలేదు. పోయేవాళ్లతో కబురు చేస్తే ఆ క్యాంపు ఉన్న చోట ఇసుక తప్ప ఏమీ లేదన్నారు. అంటే ఆ ఒక్క మనిషికి నేనింకా చనిపోయే ఉన్నాను. ఆయన ఉంటే, ఈపాటికి నడుం వంగి ఉంటుంది. అయినా ఏదో ఒక పూట చేతులు పైకెత్తి, నోరు తిరగని నా పేరు పలుకుతూ, పదమూడేళ్ల ఒక మంచిపిల్లను చల్లగా చూడమని అడుగుతూనే ఉంటాడు. నాకు ఇప్పుడు ముప్ఫై దగ్గరపడుతోంది. ఇన్నేళ్లుగా నాకు జరిగిన మంచిలో ఆయన అడగడం వల్ల జరిగింది ఎంతో నాకు తెలియదు. మీలో ఎవరైనా ఎప్పుడైనా అటువైపు పోతే, పికప్పు నడిపిన ఒక ముసలాయన కనబడితే, ఒక మాట చెప్పండి. బళ్లారి పాప బాగానే ఉందని, పెద్దదైందని, కొంచెం లావైందని, ఆయన్ని తలుచుకుంటూ ఉంటుందని.